తక్కువ పడ్డ దిమ్మలు

మా ఆఫీసులో ఏదడిగినా లేదంటారు. స్టాప్లర్ పిన్నులు లేవు, సరిగ్గా తిరిగే ఫ్యాను లేదు, మీటింగు గదికి గడియ లేదు. సలహాలు మాత్రం అడక్కుండానే దొరుకుతాయి. కొత్తగా చేరిన ఇంజనీరు ఎవరైనా కంటబడితే చాలు, పెళ్ళిళ్ళ పేరయ్యలా ఒక్కొక్కరూ కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

కొత్తమ్మాయి చేరిన మొదటి వారంలోనే అకౌంట్సాయన ఆమెని పక్కకి పిలిచి, మెయిలు ఎవరికి పంపినా పదిమందిని కలిపి పంపమన్నాడు. తప్పు జరిగితే పదిమందీ మునగాలి కాబట్టి ఎవరూ మునగరట. డిజైనులో కూర్చునే సోడాబుడ్డి కళ్ళద్దాల సీనియరు, 'తెలీదు' అన్న మాట జన్మలో అనొద్దనీ, 'చూసి చెప్తాను' అనాలనీ, చూడకపోయినా ఫరవాలేదనీ బోధించాడు. గేటు దగ్గర సెక్యూరిటీ తాత, మా కంపెనీ యజమాని పెద్దాయన కారు లోపలికి రాగానే నడక వేగం పెంచమన్నాడు. ఎక్కడికి నడుస్తున్నామన్నది ముఖ్యం కాదట. ఇవన్నీ వింటుంటే నాకు ఒళ్ళు మండేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నేనిచ్చింది ఒకే ఒక్క సలహా: ప్రొబేషన్ పూర్తయ్యేదాకా టీ గదిలో కనపడకు. అక్కడ కనపడినవాళ్ళకి పని లేదని పెద్దాయన నమ్మకం.

ఆ పిల్ల అన్నిటికీ తలూపింది, అన్నీ పాటించింది. పాటించక ఏం చేస్తుంది? అంతకుముందు రెండు చోట్ల ప్రొబేషన్ పూర్తవకుండానే ఇంటికి పంపేశారు. ఒకచోట నెమ్మదస్తురాలన్నారు, ఇంకోచోట ప్రశ్నలు ఎక్కువన్నారు. ఈసారి కూడా తిరిగొస్తే మేనమామ జిరాక్స్ షాపులో కూర్చోబెడతామని ఇంట్లో తేల్చి చెప్పేశారు. మేనమామ మంచివాడేగానీ, "నీ ఇంజనీరింగు ఫైళ్ళకి స్పైరల్ బైండింగు ఫ్రీగా చేస్తానమ్మా" అని ఇప్పటినుంచే వేళాకోళం మొదలుపెట్టాడట. ఆ మాట నాకు చెబుతూ నవ్వింది. నవ్వు మాత్రం కళ్ళదాకా రాలేదు.

ఆ ప్రొబేషన్ తేలే రోజే ఆసుపత్రివాళ్ళు లిఫ్టు చూడ్డానికి వచ్చారు.

మేం లిఫ్టులు తయారుచేస్తాం. షెడ్డు వెనక పరీక్షల కోసం ఒక టవరు ఉంది. తయారైన ప్రతి లిఫ్టునీ ముందు అందులో బిగించి, మోయాల్సిన బరువు కంటే పావువంతు ఎక్కువ ఇనప దిమ్మలు పేర్చి కిందికి వదులుతాం. మధ్యలో కరెంటు తీసేస్తాం. బ్రేకు పట్టుకుని లిఫ్టు పెట్టెని అక్కడికక్కడే ఆపాలి, ఆపి కదలకుండా ఉంచాలి. అదైతే నెగ్గినట్టు. ఆ తర్వాత మా దగ్గర ఒక ఆచారం ఉంది. బ్రేకు బిగించి సంతకం పెట్టిన ఇంజనీరు ఆ లిఫ్టులో ముందు ఒంటరిగా పైకి వెళ్ళి రావాలి. వాళ్ళు దిగాకే ఇంకెవరైనా కాలు పెట్టేది. పెద్దాయన ఈ కంపెనీ మొదలుపెట్టిన రోజు నుంచీ ఇది తప్పలేదు. "నువ్వు ఎక్కని దాంట్లో ఊరిజనాన్ని ఎక్కించకు" అంటాడు. ఆయన చెప్పే మాటల్లో నాకు నచ్చేది అదొక్కటే.

ఆసుపత్రి లిఫ్టు బ్రేకు కొత్తమ్మాయి బిగించింది. ముందురోజు సాయంత్రం దిమ్మలతో పరీక్ష జరిగింది, బ్రేకు పట్టుకుంది, సంతకం పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. అంతా బాగుందనుకున్నాం.

మర్నాడు ఆసుపత్రి సూపరింటెండెంటు గారు తన మనుషులతో దిగారు. పొట్టిగా, జుట్టు బిగించి ముడేసుకున్న డాక్టరమ్మ. మాటకి ముందు అవతలివాళ్ళ మొహం ఒకసారి చూసి మాట్లాడే మనిషి. ఇద్దరు నర్సులు, అయిదుగురు వార్డుబాయిలు, చక్రాల మంచం కూడా తెచ్చుకున్నారు. "మాకు మంచంతోపాటు ఇంతమందీ ఎక్కుతారు. కిక్కిరిసి ఎక్కే చూస్తాం" అన్నారావిడ. పెద్దాయన పొంగిపోయి, "తప్పకుండా మేడమ్, టీ తాగి వెళ్దాం" అన్నాడు. టీ తెచ్చే మనిషి ఆ రోజు సెలవు. పెద్దాయన చూపు చుట్టూ తిరిగి కొత్తమ్మాయి మీద ఆగింది. ఇంజనీరుని టీకి పంపడమేమిటని నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల వెళ్ళిపోయింది.

టీ రాలేదు. ఆమె మాత్రం కుంటుకుంటూ వచ్చి, గుమ్మం బయట నిలబడి, నాకు కళ్ళతో సైగ చేసింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది? కాలికేంటి?" అన్నాను వరండాలోకి వచ్చి.

"టీ గది తలుపు మూసుకుపోకుండా అడ్డంగా ఒకటి పెట్టారు కదక్కా. తగిలింది."

"ఎప్పట్నుంచో ఉందది. చూసుకుని నడవాలి."

"అక్కా, అది పరీక్ష దిమ్మ."

ఆ ఇనప ముక్కని నేను రోజూ దాటుతూనే ఉన్నాను. మసిబారి, పసుపు రంగు ఊడిపోయి, టీ మరకలతో అది నా కంటికి గడపలో భాగంలా కనిపించేది. ఈ పిల్ల ఆ గదిలోకి వెళ్ళడం ఇదే మొదటిసారి.

"పక్కన బరువు అచ్చు కొట్టి ఉంది, నేను వంగి చూశాను" అంది. "నిన్న పేర్చినప్పుడు చివరి వరస సగమే ఉంది. బాబాయ్‌ని అడిగాను. సెట్టు ఎప్పుడూ అంతేనమ్మా అన్నాడు. నేను సరే అన్నాను. అడిగి కూడా సరే అన్నానక్కా."

బాబాయ్ అంటే మా సామాన్ల గది చూసే పెద్దమనిషి. దిమ్మలన్నీ ఆయన చేతికిందే ఉంటాయి. మా షెడ్డులో ఎవరూ దిమ్మలని లెక్కబెట్టరు. "సెట్టు ఎక్కించారా?" అంటే "ఎక్కించాం" అంటారు. అక్కడితో సరి.

"ఒక్క దిమ్మకి ఏమీ కాదు" అన్నాను. నిజంగానే అనుకున్నాను. "మనం పావువంతు ఎక్కువ వేసి చూస్తాం. అందులో ఒకటి తగ్గితే ఏం మునిగిపోయింది? ఇవాళ నీ ప్రొబేషన్. గుర్తుందా?"

"గుర్తుందక్కా. ఒక్కటే తగ్గిందని మీకు ఖచ్చితంగా తెలుసా?"

తెలీదు. ఆ మాట జన్మలో అనకూడదని సోడాబుడ్డి చెప్పాడుగానీ, ఆ పిల్ల మొహం చూస్తూ నా నోటికి ఇంకో మాట రాలేదు.

ఇద్దరం బాబాయ్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన మొదట, "నా సెట్టుకేమైంది? బంగారంలాంటి సెట్టు" అని మీసం సవరించాడు. తర్వాత తల గోక్కున్నాడు. "గేటు దగ్గర గొడుగు గాలికి పడిపోతోందంటే సెక్యూరిటీకి ఒకటిచ్చాను. పెయింటింగువాళ్ళ బల్ల ఊగుతోందంటే వాళ్ళకోటి. అకౌంట్సులో ఏసీ నీళ్ళ బకెట్టు కింద ఒకటుండాలి. అడిగితే లేదంటే బాగుండదు కదమ్మాయ్." ఆగి, నా వైపు చూడకుండా, "నీ బీరువాకి ఒక కాలు విరిగిందన్నావు చూడు, అప్పుడూ..." అన్నాడు.

తిలా పాపం తలా పిడికెడు. నాకు చెవులు వేడెక్కాయి.

అప్పుడు ఇద్దరికీ ఒకటే అర్థమైంది. ఇన్ని తగ్గితే పావువంతు ఎక్కువ మాట దేవుడెరుగు, పైన మిగిలిన జాగ్రత్త ఎంతో చెప్పలేం. బ్రేకు పట్టుకోవచ్చు. పట్టుకోకపోవచ్చు కూడా. ఆ పెట్టెలో కాసేపట్లో ఎనిమిదిమంది మనుషులు ఎక్కబోతున్నారు.

"నేను చెప్తాను" అన్నాను. "నాకు ప్రొబేషన్ లేదు. నాలుగు తిట్లు తింటాను, అంతే. నువ్వు వెనకాల నిలబడు."

"సంతకం నాది కదక్కా" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దాయన గురించి కంపెనీలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. గదిలో ఎదురు చెబితే వింటాడు. కొనేవాళ్ళ ఎదుట మాట కాదంటే మాత్రం ఆ మనిషి మొహం మళ్ళీ చూడడు. ఆయన్ని పక్కకి పిలుద్దామని టవరు దగ్గరికి పరిగెత్తాం. అప్పటికే ఆలస్యమైపోయింది. టీ రాదని తేలాక ఆయన అందరినీ నేరుగా లిఫ్టు ముందుకి తీసుకొచ్చేశాడు. చక్రాల మంచం గుమ్మానికి ఎదురుగా ఉంది. షెడ్డులో పనివాళ్ళంతా చూడ్డానికి చేరారు. పెద్దాయన మా ఆచారం గురించి కథలు కథలుగా చెబుతున్నాడు.

"అదిగో, మా ట్రైనీ వచ్చింది" అన్నాడు. "బ్రేకు ఈ అమ్మాయే బిగించింది మేడమ్. చూడండి, ముందు తనే ఎక్కుతుంది. ఎక్కమ్మా."

కొత్తమ్మాయి కదల్లేదు.

"ఎక్కు."

"ఎక్కను సార్."

ఆ మాట ఆ టవరు కింద అంతకుముందు ఎవరూ విని ఉండరు. సంతకం పెట్టిన మనిషే ఎక్కనంటే, తను చేసిన పని మీద తనకే నమ్మకం లేదని నలుగురిలో చాటుకున్నట్టు. పెద్దాయన మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలోది పోయింది. నేను చీర కొంగు మెలిపెట్టుకుంటూ నిలబడ్డాను. నాలుగు తిట్లు తింటానన్న దాన్ని, ఆమె కంటే ఒకడుగు వెనకే ఉన్నాను.

"భయమా?" అన్నాడు.

"ఒంటరిగా ఎక్కడానికి భయం లేదు సార్. నేను ఎక్కి దిగితే వీళ్ళందరూ ఎక్కేస్తారు. నిన్న పరీక్షలో బరువు తక్కువ పడింది. దిమ్మలు లేవు."

"ఎన్ని లేవు?"

"చాలా తగ్గాయి సార్. తలుపు దగ్గర ఒకటి, గేటు దగ్గర ఒకటి..." అని ఆమె మొదలుపెట్టగానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సెక్యూరిటీ తాత నెమ్మదిగా గేటువైపు నడిచాడు. పెయింటింగువాళ్ళు ఒకరి వెనక ఒకరు జరిగారు. అకౌంట్సాయన ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. ఫోను మోగలేదు.

"సరే, తెప్పించండి" అన్నాడు పెద్దాయన పళ్ళ బిగువున. "అన్నీ వచ్చినట్టేనా?"

"ఇంకొకటుంది సార్."

"ఎక్కడ?"

చెప్పొద్దని నేను మనసులో వెయ్యి దేవుళ్ళకి మొక్కాను.

"మీ టేబుల్ కింద సార్. మీరు కాళ్ళు పెట్టుకునేది. ఇంటర్వ్యూ రోజు నా పెన్ను కింద పడితే వంగినప్పుడు చూశాను."

ఒక వార్డుబాయి చక్రాల మంచం బ్రేకుని కాలితో తొక్కి సరిచూసుకున్నాడు. పెద్దాయన చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. సూపరింటెండెంటు గారు ఆయన మొహం చూశారు, ఆ పిల్ల మొహం చూశారు, గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మాకు తొందరేం లేదు. కానివ్వండి" అన్నారు.

దిమ్మలు ఒక్కొక్కటీ వచ్చాయి. గొడుగు కిందిది వచ్చింది, బకెట్టు కిందిది తుప్పు నీళ్ళు కారుస్తూ వచ్చింది. నా బీరువా కిందిది నేనే లాగించాను, బీరువా ఒకవైపు ఒరిగి ఫైళ్ళన్నీ నేలమీద పడ్డాయి. చివర్న పెద్దాయన గదిలోది ఇద్దరు మోసుకొచ్చారు. మిగతావన్నీ మసిబారితే అదొక్కటీ మేజోళ్ళు రాసుకుని నిగనిగలాడుతోంది. చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కొత్తమ్మాయి ఈసారి బాబాయ్‌ని అడగలేదు. ప్రతి దిమ్మనీ చేత్తో ముట్టుకుంటూ పైకి వినపడేలా లెక్కపెట్టింది. చివరి వరస నిండింది. పైన మోటారు చక్రం మీద సుద్దముక్కతో గీత గీసి, అది కింద తెర మీద మాకు కనపడేలా కెమెరా పెట్టి, కిందకి దిగొచ్చింది. పెట్టె మనుషుల్లేకుండా, దిమ్మలతో పైకి వెళ్ళింది. కిందికి బయల్దేరింది. "తియ్" అంది ఆమె. కరెంటు తీశారు.

బ్రేకు పట్టుకుంది. పెట్టె ఆగింది.

నేను ఊపిరి వదిలాను. వదిలాక ఇంకో భయం మొదలైంది. ఏ తప్పూ లేని లిఫ్టుని ఇంతమందిలో ఆపించింది, పెద్దాయన కాళ్ళ పీట లాగించింది, ఇక ఈ పిల్లకి ఉద్యోగం ఎక్కడిది? షెడ్డులో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆగండి" అంది కొత్తమ్మాయి, తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

సుద్దగీత కదులుతోంది. గడియారంలో పెద్దముల్లు కదిలినట్టు, కదులుతోందా లేదా అని అనుమానం వచ్చేంత నెమ్మదిగా. తర్వాత అనుమానం లేకుండా. పెట్టె జారుతోంది. బ్రేకు పట్టు వదలకుండానే మోయలేక జారుతోంది. చూస్తూ చూస్తూ వేగం పెరిగింది, టవరు అడుగున ఉన్న స్ప్రింగుల మీదకి ధడాలున దిగింది. షెడ్డు రేకులు అదిరాయి. చిన్న నర్సు పెద్ద నర్సు చెయ్యి పట్టుకుంది.

దుమ్ము సర్దుకుంది.

"బ్రేకు బిగించిందెవరు?" అన్నాడు పెద్దాయన.

"నేనే సార్."

"నిన్న సరిపోయిందని సంతకం పెట్టిందెవరు?"

"నేనే సార్."

"ఇవాళ ఆపిందెవరు?"

"నేనే."

"మూడూ నువ్వే అయితే, ఇక్కడ నిలబడ్డ వీళ్ళందరూ ఏం చేస్తున్నట్టు?"

ఆయన మా అందరివైపూ చూశాడు. మేమందరం టవరువైపు చూశాం.

కొత్తమ్మాయి పానా తీసుకుని పైకెక్కింది. బ్రేకు స్ప్రింగు మళ్ళీ బిగించింది. నేను వెంట వెళ్ళి పట్టుకున్నాను, ఆమె చేతులు చల్లగా ఉన్నాయి, పట్టు మాత్రం తప్పలేదు. మళ్ళీ పరీక్ష పెట్టాం. సుద్దగీత ఆగినచోటే ఆగింది. చాలాసేపు చూశాం. ఇంకోసారి పరీక్ష పెట్టమంది, పెట్టాం. ఆగినచోటే ఆగింది. దిమ్మలు దించేశారు.

సూపరింటెండెంటు గారు కుర్చీలోంచి లేచారు. పెద్దాయనని దాటుకుని ఆ పిల్ల దగ్గరికి వచ్చారు.

"ఇప్పుడు ఎక్కొచ్చా అమ్మా?"

"ఒక్క నిమిషం మేడమ్. ముందు నేను వెళ్ళొస్తాను."

తలుపులు మూసుకున్నాయి. పైకి వెళ్ళిన చప్పుడు, ఆగిన చప్పుడు, కిందికి వస్తున్న చప్పుడు. లెక్కలన్నీ సరిపోయాయని తెలిసి కూడా నేను తలుపుకి చెవి ఆనించాను. తలుపులు తెరుచుకున్నాయి. ఆమె బయటికి వచ్చి, పక్కకి తప్పుకుని, "ఎక్కండి" అంది. మంచంతోపాటు సూపరింటెండెంటు గారు, నర్సులు, వార్డుబాయిలు కిక్కిరిసి ఎక్కారు. లిఫ్టు నోట్లో నాలుక లేనిదానిలా పైకి వెళ్ళి కిందికి వచ్చింది.

వాళ్ళు వెళ్ళాక పెద్దాయన ఆమెని గదిలోకి పిలిచాడు. నన్ను పిలవలేదు, నేనే వెళ్ళాను. ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదులుతున్నాడు. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తోచడం లేదు.

"బ్రేకు వదులుగా బిగించావు" అన్నాడు ఆమెతో. "వరస నిండలేదని తెలిసి కూడా ఎవడో చెప్పింది విని సంతకం పెట్టావు. ఉద్యోగం ఖాయం చెయ్యలేను. ప్రొబేషన్ పొడిగిస్తున్నాను."

"సరే సార్" అందామె తలొంచుకుని.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇదేం న్యాయం సార్? తను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేది? ఎనిమిదిమంది ఎక్కేవాళ్ళు. తన తప్పు తనే బయటపెట్టుకున్న పిల్లకి ఇదా మీరిచ్చేది?"

"ఆ బీరువా ఎన్నాళ్ళుగా నిలబడింది ఆ దిమ్మ మీద?" అన్నాడు ఆయన నన్ను, గొంతు పెంచకుండా. "పాతవాళ్ళకి ప్రొబేషన్ పెట్టే వీల్లేదు, లేకపోతే నీదీ పొడిగించేవాణ్ణి." కిటికీలోంచి టవరువైపు చూశాడు. "నాదీ."

గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. కొత్తమ్మాయి తలెత్తింది. ఇంతసేపూ నిబ్బరంగా ఉన్న గొంతు అప్పుడు చిన్నపిల్ల గొంతయిపోయింది.

"అంటే... నేను రేపు రావచ్చా సార్?"

వినగానే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పెద్దాయన జేబు తడుముకున్నాడు.

"రేపటిదాకా ఎందుకు? షెడ్డులో ఇంకో లిఫ్టుంది, రేపు బయటికి పంపాల్సింది. దాని బ్రేకు పోయిన వారం నేనే బిగించాను. ఆ కుంటి సెట్టుతోనే సరిచూసి సంతకం పెట్టాను." జేబులోంచి టవరు తాళంచెవి తీసి టేబుల్ మీద ఆమెవైపు జరిపాడు. "వెళ్ళి చూడు. నువ్వు సరే అన్నాక వచ్చి ఎక్కుతాను."

ఆమె తాళంచెవి తీసుకుంది. కుంటుకుంటూనే, నడక మాత్రం ఆపకుండా, వరండా దాటి షెడ్డువైపు వెళ్ళింది. నేను కళ్ళు తుడుచుకుని వెనకాలే వెళ్ళాను. దిమ్మలు మొయ్యడానికి ఇంకో మనిషి కావాలి కదా.